గిటార్ బెల్టు కూడా తోలు పనే, ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

పోయిన ఆదివారం మీ స్పెషల్ పేజీలో చెప్పులు కుట్టేవాళ్ల మీద కథనం వేశారు, చదివాం. బాగానే రాశారు, కాదనను. కానీ మొదటి లైన్ నుంచి ఆఖరి లైన్ దాకా ఒకటే రాగం, వృత్తి అయిపోయింది, పిల్లలు రావట్లేదు, ఫ్యాక్టరీ చెప్పులొచ్చి పొట్ట కొట్టాయి, ఇక ఈ తరంతో సరి అని. ఫోటో కూడా ఎప్పుడూ వేసేదే, గొడుగు కింద వంగిపోయి కూర్చున్న ఒక పెద్దాయన, ముందర నాలుగు తెగిన చెప్పులు. మా బాబాయి ఆ పేజీ చూసి "మనకి దినం కూడా పెట్టేశార్రా" అని నవ్వాడు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది చెప్పు కాదండి, హైదరాబాద్‌లో బేస్ గిటార్ వాయించే ఒక కుర్రాడికి కుడుతున్న తోలు బెల్టు. అది మీ కథనంలో లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పెద్దదే అవుతుంది, కత్తిరించి అయినా వేయండి.

మాది తెనాలి. తోలు పని ఇల్లు. మా తాత పల్నాడు వైపు ఉన్నప్పుడు మోట బొక్కెనలకి తోలు కుట్టేవాడంట, బోర్లు మోటార్లు వచ్చాక ఆ పని పోయింది, చెప్పుల్లోకి దిగాడు. అంటే మా ఇంట్లో ఒక సరుకు పోయి ఇంకో సరుకు రావడం కొత్తేం కాదు. బాబాయి చెప్పులు, బ్యాగులు, బండి సీట్లు, ఏది వస్తే అది. నేను డిగ్రీ చదివి సెల్ షాపులో చేసి చివరికి మళ్లీ ఇక్కడికే వచ్చాను, నాకు ఇంకో పిచ్చి ఏంటంటే చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాను. ఈ రెండూ కలిసిన చోట పుట్టిందే ఈ బెల్టుల పని.

గిటార్ వాయించని వాళ్లకి చెప్పాలంటే, గిటార్ కొన్నప్పుడు షాపువాడు ఫ్రీగా ఒక నైలాన్ పట్టీ ఇస్తాడు, రెండంగుళాల వెడల్పు ఉంటుంది, చివర్లో చిన్న రెక్సిన్ ముక్క, దానికో చిల్లు. మామూలు అకూస్టిక్ గిటార్ రెండు కిలోలు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి దానికి ఎలాగో సరిపోద్ది. ఎలక్ట్రిక్‌లో లెస్ పాల్ మోడల్ లాంటివి నాలుగు కిలోలు దాటతాయి, బేస్ గిటార్లు కూడా అంతే. ఆదివారం మా దగ్గర రెండు ఆరాధనలు, మధ్యలో ఒక టీ, మొత్తం నిలబడే వాయించాలి. మెడకీ భుజానికీ మధ్య కండ ఉంటుందే, ఆ బరువంతా ఆ కండ మీద ఒక సన్నటి గీతలో పడుద్ది, సాయంత్రానికి ఎడమ భుజం ఎత్తలేం. కుర్రాళ్లు దీన్ని ప్రాక్టీస్ తక్కువై వచ్చే నొప్పి అనుకుంటారు, బామ్ రాసుకుంటారు. బెల్టు వెడల్పు మూడంగుళాలకి పెంచితే అదే బరువు ఒకటిన్నర రెట్లు చోటు మీదకి పంచుకుంటుంది, అంతే లెక్క. అందులో పెద్ద సైన్స్ ఏం లేదు.

అయితే వెడల్పు ఒక్కటే పెంచితే అయిపోదు. మరీ వెడల్పైతే మెడ పక్కన అంచు కోస్తుంది, కాలర్ లేని టీషర్ట్ వేసుకునేవాళ్లు ఇంకా తిడతారు. అందుకని మేం భుజం మీద పడే చోట మాత్రమే మూడు, బేస్‌కి అయితే మూడున్నర అంగుళాలు పెట్టి రెండు వైపులా సన్నగా తీసుకొస్తాం, మెడ వైపు అంచుని కొంచెం లోపలికి ఒంపు తిప్పుతాం. ఆ ఒంపు కాగితం మీద చూస్తే ఏమీ అనిపించదు, వేసుకున్నాక బెల్టు భుజానికి పడుకుని ఉంటుంది, పైకి లేవదు.

ఇంకొకటి తలబరువు. కొన్ని బేస్ గిటార్లకి తల వైపు బరువెక్కువ, చెయ్యి తీస్తే చాలు గిటార్ మెడ కిందికి జారిపోద్ది, వాయించేవాడు ఎడమ చేత్తో నోట్లు పట్టుకోవాలా గిటార్‌ని మోయాలా. దీనికి మందు బెల్టు లోపలి వైపు ఉంటుంది. లోపల స్వెడ్, అంటే తోలు నూగు వైపు పైకి ఉన్నది వేస్తే చొక్కాని పట్టుకుంటుంది, గిటార్ జారదు. కానీ స్టేజి మీద అటూ ఇటూ తిరుగుతూ గిటార్ని వెనక్కి తిప్పేసే రకం వాయిద్యగాళ్లకి ఇది పనికిరాదు, చొక్కా కూడా తిరిగిపోద్ది, వాళ్లకి నున్నటి మేక తోలు లైనింగ్. ఒకే కొలతలు, ఒకే తోలు, లోపల పొర మారితే బెల్టు గుణమే మారిపోతుంది. ఇలాంటివి ఆన్‌లైన్లో ఫోటో చూసి కొనే బెల్టులో ఎవడు అడుగుతాడండి. అందుకే కస్టమ్ అంటే పేరు చెక్కించుకోవడం అనుకునే వాళ్లని చూస్తే నాకు కొంచెం చిరాకు, పేరు ఆఖర్న, ముందు భుజం.

కొలత తీసేది ఇలాగ. మనిషిని గిటార్ తగిలించుకుని నిలబడమంటాం, ఒక పాత కారు సీట్ బెల్టు ముక్క ఉంది మా దగ్గర, దానితో గిటార్‌కి బెల్టు తగిలించే పైన గుండీ నుంచి వీపు మీదుగా కింద గుండీ దాకా పట్టి, ఎక్కడ వాయించుకుంటే చెయ్యి హాయిగా ఉందో అక్కడ ఆపుతాం. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ చూస్తాం. కూర్చున్నప్పుడూ నిలబడ్డప్పుడూ గిటార్ ఒకే ఎత్తులో ఉంటే మణికట్టు మీద ఒత్తిడి ఉండదు, ఇంట్లో కూర్చుని నేర్చుకున్నది స్టేజి మీద తప్పిపోదు. కానీ వయసు కుర్రాళ్లు ఒప్పుకోరు కదా, మోకాళ్ల దాకా వేలాడాలి, లేకపోతే స్టైల్ లేదంట. సరే అని అటూ ఇటూ కలిపి ఓ పది పన్నెండు అంగుళాలు మారేట్టు తోక పెడతాం, పెళ్లయ్యాక వాళ్లే పైకి ఎక్కించుకుంటారు.

ఆ తోక గురించి. బెల్టు సైజు మార్చడానికి ఇనప బకిల్ పెడితే అది ఎక్కడో ఒకచోట గిటార్ వెనక వైపు తగిలి గీతలు పడతాయి. మేం బకిల్ పెట్టం. వెడల్పు బెల్టు చివర నిచ్చెన మెట్ల లాగ చీలికలు కోసి, సన్నటి తోలు తోకని వాటిల్లోంచి పైకీ కిందికీ అల్లి లాగేస్తాం, బరువు పడేకొద్దీ అదే బిగుసుకుంటుంది. ఇది మేం కనిపెట్టింది కాదు, ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే, కానీ మా బాబాయి మొదటిసారి చూసినప్పుడు "ఇది మన పాత చెప్పుల పట్టీ బిగించినట్టే ఉందిగా" అన్నాడు, చూపించిన పది నిమిషాల్లో నాకంటే శుభ్రంగా కోశాడు.

గిటార్ జారి పడేది ఎక్కడంటే బెల్టు చివర చిల్లు దగ్గర. గిటార్‌కి ఉన్న గుండీ తల ఇంచుమించు 14 మిల్లీమీటర్లు ఉంటుంది. మేం చిల్లు అంతకంటే చిన్నది, పది మిల్లీమీటర్లు, కొడతాం, దానికి ఒక చీలిక ఇస్తాం, గుండీ తల ఆ చీలికలోంచి బలవంతంగా దూరాలి. దూరాక మళ్లీ ఊరికే రాకూడదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, చీలికని కత్తితో కోసి అలాగే వదిలేస్తారు, ఆర్నెల్లలో ఆ కోత చివర నుంచి తోలు చిరుగుతూ పోతుంది, ఒకరోజు పాట మధ్యలో యాభై వేల గిటార్ నేల మీద పడుద్ది. చీలిక చివర ఒక చిన్న గుండ్రటి చిల్లు పంచ్ చేస్తే చిరుగు అక్కడ ఆగుద్ది. రెండు మిల్లీమీటర్ల చిల్లు, దానికి పట్టే టైమ్ ఒక దెబ్బ. అదీ కాక చివర్లలో తోలు రెండు పొరలు ఉండాలి, ఒకటి గట్టిది. మెత్తటి తోలు ఒక్క పొరతో చివర్లు చేసిన బెల్టు ఎంత అందంగా ఉన్నా నా గిటార్‌కి నేను తగిలించను.

ఇప్పుడు అసలు తోలు సంగతికి వస్తాను, నాకు మీ పేపర్ ద్వారా చెప్పాలని ఉన్నది కూడా ఇదే.

పచ్చి తోలుని కుళ్లకుండా పండించడాన్ని ఊనడం అంటాం, ఆ లెక్కన తోలు స్థూలంగా రెండు రకాలు. క్రోమ్ రసాయనంతో ఊనేది ఒకటి, మెత్తగా ఉంటుంది, రోజుల్లో అయిపోతుంది, జాకెట్లు బ్యాగులు చాలావరకు అదే. చెట్టు బెరడు, కాయల కషాయంలో ఊనేది రెండోది, దీన్ని వెజ్ ట్యాన్ అంటారు, టైమ్ ఎక్కువ పడుతుంది, గట్టిగా నిలబడుతుంది, అంచు తడిపి రుద్దితే పొరలు అతుక్కుని మెరుపు వస్తుంది, మీద పేరు కొట్టినా చెక్కినా అచ్చు నిలుస్తుంది, వాడేకొద్దీ రంగు ముదురుతుంది. బెల్టు పై పొరకి మాకు కావాల్సింది ఇదే, రెండున్నర నుంచి మూడున్నర మిల్లీమీటర్ల మందం. క్రోమ్ తోలు అంచు ఎంత రుద్దినా అలా రాదు, రంగు పూయాలి లేదా మడిచి కుట్టాలి.

మన ఊళ్లల్లో పాత లందల్లో, అంటే తోలు ఊనే గుంటల్లో, తోలుని సున్నంలో వేసి వెంట్రుకలు తీసి, ఆ తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ వేసి ఊనేవాళ్లు. అవునండి, తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడే, బతుకమ్మలో పేర్చే తంగేడే, దాని బెరడులో తోలుని పండించే గుణం ఉంది. అదే చెట్టుని తమిళంలో ఆవారం అంటారు, ఆవారం చెక్కతో ఊనిన తోలు మద్రాసు నుంచి ఓడలెక్కి ఇంగ్లాండు పోయి పేరు తెచ్చుకుంది, దాన్నే ఈస్ట్ ఇండియా తోలు, ఇ.ఐ. లెదర్ అనేవాళ్లు, 2008లో తమిళనాడు దానికి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అనే గుర్తింపు, కూడా తెచ్చుకుంది. ఇప్పుడు అక్కడ కూడా ఆవారం కంటే బయటి దేశాల నుంచి వచ్చే వాటిల్ అనే చెట్టు చెక్క సారమే ఎక్కువ వాడుతున్నారు, అది వేరే కథ. నా బాధ ఏంటంటే తంగేడు మన గట్ల మీద, దాంతో తోలు ఊనే చేతులు మన పేటల్లో ఉండేవి, ఇవాళ నాకు ఒక మంచి వెజ్ ట్యాన్ ముక్క కావాలంటే తెనాలిలో రాత్రి రైలెక్కి పొద్దున చెన్నై సెంట్రల్‌లో దిగి పెరియమెట్ సందుల్లోకి నడవాలి. స్టేషన్‌కి దగ్గరే కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆటో కూడా.

అక్కడ తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. గేదె తోలు సగం, అంటే వెన్ను మధ్యగా చీల్చిన ఒక పక్క, ఇరవై అడుగుల దాకా ఉంటుంది, పెద్ద షాపులవాళ్లు పక్క మొత్తం కొంటేనే మాట్లాడతారు. నాకు ఒక బెల్టుకి కావాల్సింది ఎంత అంటే మూడంగుళాల వెడల్పు నలభై ఎనిమిది అంగుళాల పొడవు, సరిగ్గా ఒక చదరపు అడుగు, తోకకీ చివర్లకీ ఇంకొంచెం. కానీ మొత్తం తోలులో బెల్టుకి పనికొచ్చేది వెన్ను వెంట ఉన్న భాగం ఒక్కటే, అది పొడవునా సాగదు. పొట్ట వైపు తోలు సాగుద్ది, దానితో బెల్టు కోస్తే బరువుకి నెమ్మదిగా పొడవైపోయి వంకర తిరుగుద్ది, ఆ భాగాన్ని కీ చైన్లకీ పిక్ పౌచ్‌లకీ వాడుకోవాలి. చిన్న పనివాడు ఇరవై అడుగులు ఒకేసారి కొని పెట్టుకోలేడు, వర్షాకాలంలో మా కోస్తా ఉక్కకి బూజు పట్టకుండా దాచడం ఇంకో తలనొప్పి. కొల్లాపూరి చెప్పుల వాళ్లకి 2019లో జీఐ వచ్చింది, మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు కర్ణాటకలో నాలుగు జిల్లాలు కలిపి, 2025 జూన్లో మిలాన్‌లో ప్రాడా ఫ్యాషన్ షోలో అలాంటి చెప్పులే కనిపించేసరికి దేశమంతా గోల చేసింది కదా, అప్పుడు మన పేపర్లన్నీ కూడా రాశాయి. ఎవడైనా మన పని కాపీ కొడితే మనకి రోషం వస్తుంది, మన పని మన దగ్గరే ముడిసరుకు లేక ఆగిపోతే మాత్రం సంతాపం రాస్తాం.

అందుకని నేను అడిగేది పెద్ద ఫ్యాక్టరీలు, లెదర్ పార్కులు కాదు. లిడ్‌క్యాప్ (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ తోలు పరిశ్రమల సంస్థ) లాంటి సంస్థ గుంటూరులోనో విజయవాడలోనో, అటు వరంగల్‌లోనో ఒక్క కౌంటర్ పెట్టి, వెజ్ ట్యాన్ తోలు వెన్ను భాగం అడుగు రెండడుగుల లెక్కన, మందం రాసిన చీటీతో అమ్మితే చాలు. దర్జీకి మీటరు గుడ్డ దొరుకుద్ది, వడ్రంగికి రెండడుగుల చెక్క దొరుకుద్ది, మాకే పక్క మొత్తం కొనమంటారు. 2023 సెప్టెంబర్లో కేంద్రం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది, పద్దెనిమిది వృత్తుల్లో చర్మకారులూ ఉన్నారు, పనిముట్లకి 15,000 రూపాయలు, ట్రైనింగ్‌లో రోజుకి 500, తర్వాత ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల లోను. మంచిదే. బెల్టు పనికి కావాల్సిన పనిముట్లు అన్నీ కలిపినా ఆ 15,000 దాటవు, చెబుతాను చూడండి, మంచి కత్తి, అంచు చెక్కే ఉలి, కుట్టు గుర్తులు వేసే ఫోర్కు, పంచ్‌లు నాలుగైదు సైజులు, మొద్దు సూదులు, మైనం దారం, నైలాన్ సుత్తి. చిల్లు పొడిచే ఆరె, తోలు కోసే రంపె, కొట్టే గూటం ఇంట్లో ఉన్నవే. ట్రైనింగ్ ఇచ్చే వాళ్లకి నా మనవి, చెప్పూ బూటూ తప్ప తోలుతో ఇంకేం చేయొచ్చో కూడా ఒక పూట చూపించండి. హైదరాబాద్ రాయదుర్గంలో పాదరక్షల డిజైన్ నేర్పే ఎఫ్‌డీడీఐ ఉంది, చెన్నైలో 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ ఉంది, చదువున్న వాళ్లు బోలెడుమంది ఉన్నారు, తంగేడు చెక్కతో చిన్న ఎత్తున, మురుగు బయటికి పోకుండా తోలు ఊనే పద్ధతి ఒకటి మా జిల్లాలో చేసి చూపిస్తే నేను మొదటి కస్టమర్ని. మురుగు మాట ఎందుకన్నానంటే తమిళనాడులో వేలూరు వైపు తోలు ఊనే టానరీల మురుగు వల్ల పాలార్ నది ఏమైందో, 1996లో సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్లిందో తెలిసినవాళ్లకి తెలుసు, ఆ దారిలో తోలు కావాలని నేను అడగను.

కుట్టు గురించి చెప్పకపోతే బాబాయి ఊరుకోడు. మిషన్ కుట్టులో పైదారం కిందిదారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకచోట తెగితే మెల్లగా వదులైపోద్ది. చేతి కుట్టులో ఒకటే దారం, రెండు చివర్లా రెండు సూదులు, ఆరెతో పొడిచిన ఒకే చిల్లులోంచి ఎడమ సూది ఇటు, కుడి సూది అటు, రెండూ లాగి బిగించాలి. ఒక కుట్టు తెగినా పక్క కుట్లు కదలవు. జీను కుట్టేవాళ్ల పద్ధతి ఇది. బాబాయికి అలవాటైంది కొక్కెం ఉన్న ఆరె, కింద నుంచి దారం అందుకుని పైకి లాగే పద్ధతి, చెప్పుకి అది వేగం. బెల్టుకి చిల్లు పెద్దదవకూడదు, కుట్టుకీ కుట్టుకీ నాలుగు మిల్లీమీటర్లు, అందుకని వజ్రం ఆకారం మొన ఉన్న సన్న ఆరెకి మారాడు. మొదట్లో "ఇంత నిదానంగా కుడితే ఎప్పుడు తినాల్రా" అన్న మనిషి ఇప్పుడు నేను ఎడమ చేత్తో సరిగా లాగలేదంటే కుట్టు విప్పించేస్తాడు. ఆయన కుట్టిన వరస వెనక్కి తిప్పి చూడండి, ముందు ఎంత వాలుగా ఉందో వెనక అంతే వాలు. ముప్పై ఏళ్లు రోడ్డు మీద కూర్చుని కుట్టిన చెయ్యి అది. దాన్ని స్కిల్ ఇండియా వాళ్లు మళ్లీ కొత్తగా నేర్పక్కర్లేదు.

అంచు పని నాది. రెండు వైపులా మూల చెక్కేసి, ఎమరీ కాగితం పట్టి, తడి చేసి కొంచెం బంక రాసి ముతక గుడ్డతో, తర్వాత నున్నటి గుండ్రటి కర్రతో రుద్దుతాను, వేడి పుట్టే దాకా, ఆ మీదట తేనె మైనం. బెల్టు మెడకి తగిలేది ఈ అంచే కాబట్టి ఇక్కడ తొందరపడితే వాయించేవాడికి ఆ రాత్రే తెలిసిపోద్ది. అంచు చూసి తోలు పని రేటు కట్టొచ్చు, నన్నడిగితే.

రంగు గురించి ఒక మాట, ఇది చర్చిలో వాయించే తమ్ముళ్లకి. మనం ఆదివారం తెల్ల చొక్కా వేసుకుంటాం, చెమట మామూలుగా ఉండదు, రంగు సరిగా పట్టని నల్ల తోలు బెల్టు ఒక్క పాటలో భుజం మీద నల్లగా ముద్ర వేసేస్తుంది. ఎక్కడ కొన్నా ముందు తడి తెల్లగుడ్డ తీసుకుని గట్టిగా ఓ ఇరవైసార్లు రుద్ది చూడండి, గుడ్డకి అంటితే వద్దని చెప్పండి. మేం లోపలి వైపు అసలు రంగే వేయం. నూనె కూడా అంతే, చెప్పులకి ఆముదం పట్టించినట్టు బెల్టుకి పట్టిస్తే చొక్కా తాగేస్తుంది, గుడ్డకి రెండు చుక్కలు రాసి పైపైన తుడిస్తే చాలు, ఏడాదికోసారి. వర్షాకాలంలో గిటార్ బ్యాగులో చుట్ట చుట్టి పడేస్తే తెల్లగా బూజు వస్తుంది, భయపడక్కర్లేదు, తుడిచి నీడలో ఆరేయండి, ఎండలో పెడితే బిగుసుకుపోద్ది.

రెక్సిన్ బెల్టు మూడొందలకి దొరుకుతుంటే మీ బెల్టుకి రెండు వేల పైన ఎందుకివ్వాలి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తోలు, లైనింగ్, దారం పోను మిగిలేది ఇద్దరు మనుషుల ఒకటిన్నర రోజు కూలి, అంతకంటే దాపరికం లేదు. విదేశీ కంపెనీల తోలు బెల్టులు ఐదారు వేలు పెట్టి కొనేవాళ్లు ఉన్నారు, వాళ్లెవరూ బేరం ఆడరు, రోడ్డు పక్కన కూర్చున్న మనిషి రెండు వేలంటే మాత్రం "చెప్పులు కుట్టేవాడివి, బెల్టుకి అంతా" అని మొహం మీదే అంటారు. ఆ మాటలో ధర ఎంత ఉందో కులం ఎంత ఉందో నాకు తెలుసు, మీకూ తెలుసు. పాత గిటార్లు, నైట్రో లాకర్ పాలిష్ ఉన్నవి, వాడేవాళ్లకి ఇంకో సంగతి, పీవీసీ రెక్సిన్‌లో మెత్తదనం కోసం కలిపే రసాయనం ఆ పాలిష్‌ని తినేస్తుంది, బెల్టు ఆనుకుని ఉన్న చోట మచ్చ పడుద్ది, మూడొందలు మిగిల్చి పాలిష్ పోగొట్టుకున్న వాళ్లని చూశాను.

కొంతమంది ఇది ఏం తోలు అని ముందే అడుగుతారు. మేం వాడేది గేదె తోలు, లైనింగ్ మేక, అడగకపోయినా చెబుతాం. తోలే వద్దు అనేవాళ్లు ఉంటారు, భజన బృందాల్లో వాయించేవాళ్లు కొందరు అలా అడిగారు, వాళ్లకి మందపాటి కాటన్ కాన్వాస్ రెండు పొరలు వేసి కుట్టిచ్చాం, కొలత పద్ధతి అదే. దాంట్లో గొడవేం లేదు. కాకపోతే ఒకటి, మృదంగానికి బిగించే వార్లు గేదె తోలువే, మూతలు ఆవు మేక తోళ్లవి, డప్పు సంగతి చెప్పక్కర్లేదు. సంగీతం తోలు లేకుండా ఎప్పుడు నడిచింది. వాయించినాయన పేరు కార్డు మీద ఉంటుంది, మూత బిగించినాయన పేరు ఉండదు, మీ సంగీతం పేజీ వాళ్లు ఒకసారి ఆలోచించాలి.

ఈ మధ్య డప్పు దళాల వాళ్లు కూడా వస్తున్నారు, నాకు ఇది గిటార్ కంటే ఎక్కువ సంతోషం. డప్పు ఎడమ భుజానికి తగిలించుకుని సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుని గంటల కొద్దీ ఎగురుతూ వాయిస్తారు, భుజానికి ఉండేది ఒక తాడు, కాదంటే చీర అంచు ముక్క. గిటార్ వాయించే పిల్లాడి భుజానికి నొప్పి ఉన్నప్పుడు డప్పు వాయించే మనిషి భుజానికి ఉండదా. వాళ్లకి వెడల్పు కొంచెం తగ్గించి, లోపల స్వెడ్ పెట్టి, ఊరేగింపులో తడిసినా పాడవకుండా మైనం ఎక్కువ పట్టించి చేస్తున్నాం. ధర దగ్గర బాబాయి నా మాట వినడు, వాళ్ల దగ్గర తోలు ఖర్చు మాత్రమే తీసుకుంటాడు.

చివరిగా మీ పాఠకుల్లో గిటార్ వాయించేవాళ్లకి, మా దగ్గరికే రమ్మని నేను చెప్పట్లేదు, మీ ఊళ్లో బస్టాండ్ దగ్గర కూర్చునే ఆయన చేత్తోనే ఇది అవుతుంది. వెన్ను తోలు, మూడు మిల్లీమీటర్లు, భుజం దగ్గర మూడంగుళాలు, చివర్లు రెండు పొరలు, చిల్లు పది మిల్లీమీటర్లు, చీలిక చివర చిన్న చిల్లు. ఇది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ముందు సగం డబ్బులు ఇవ్వండి, తోలు తెప్పించుకోవాలి కదా. గిటార్ కూడా వెంట తీసుకెళ్లండి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కొలత రాదు.

ఇట్లు,
గిటార్ బెల్టులు కుట్టే ఒక పాఠకుడు,
తెనాలి.